ఆలోచనలు నిండుకున్నాయా? మగ్గం దగ్గరే ఉంది మార్గం!

సామాజిక మాధ్యమాల్లో ‘ఈ రోజు ఏం పెట్టాలి’ అన్నదే నేత కుటుంబాల ప్రశ్న
పనిని, కొనుగోలుదారుల సందేహాలను, ఊరి చరిత్రను వాడుకుంటే కొరతే ఉండదు

భూదాన్‌ పోచంపల్లి: చేతిలో స్మార్ట్‌ఫోన్‌ ఉంది. ఇన్‌స్టాగ్రామ్‌లో ఖాతా ఉంది. వాట్సప్‌లో పాత కొనుగోలుదారుల నంబర్లున్నాయి. బీరువాలో అమ్మకానికి సిద్ధంగా చీరలూ ఉన్నాయి. లేనిదల్లా ఒక్కటే... ఈ రోజు ఏం పెట్టాలన్న ఆలోచన. ఖాతా తెరిచిన కొత్తలో ఉన్న చీరలన్నింటినీ ఫొటోలు తీసి పెడతారు. నెల గడిచేసరికి చూపించడానికి కొత్తగా ఏమీ కనిపించదు. వారానికి ఒక పోస్టు కాస్తా నెలకు ఒకటవుతుంది. ఆపై ఖాతా మూగబోతుంది.

దీనిని చిన్న విషయంగా కొట్టిపారేయడానికి లేదు. దళారి ప్రమేయం లేకుండా నేత కుటుంబం నేరుగా చీర అమ్ముకోవడానికి ఉన్న దారుల్లో సామాజిక మాధ్యమం అతి తక్కువ ఖర్చుతో కూడినది. ఎక్కడో బెంగళూరులోనో, అమెరికాలోనో ఉన్న కొనుగోలుదారు డబ్బు పంపే ముందు ఆ ఖాతాను ఒకసారి తెరిచి చూస్తారు. చివరి పోస్టు ఏడాది కిందటిదైతే ‘వీరు ఇంకా నేస్తున్నారా’ అన్న అనుమానం కలుగుతుంది. బేరం అక్కడే ఆగిపోతుంది. మరోవైపు ఇక్కత్‌ నమూనాను యంత్రంతో అచ్చు వేసిన చీరలు అదే తెరపై తక్కువ ధరకు కనిపిస్తూనే ఉంటాయి. నేతన్న మౌనంగా ఉన్న చోట నకిలీయే మాట్లాడుతుంది.

ఆలోచనలు నిండుకోవడానికి ప్రతిభ లేకపోవడం కారణం కాదు. వెతుకుతున్న చోటు సరైనది కాకపోవడమే అసలు కారణం. చాలామంది పూర్తయిన చీరనే విషయం అనుకుంటారు. చీర ఫలితం మాత్రమే. అది తయారయ్యే దారి పొడవునా చెప్పదగినవి ఉన్నాయి. పోచంపల్లి ఇక్కత్‌ను ఉదాహరణగా తీసుకుని ఆ దారిని పరిశీలిస్తే ఏ చేతివృత్తికైనా, ఏ చిన్న వ్యాపారానికైనా పనికివచ్చే పద్ధతి దొరుకుతుంది.

ఒక్క చీర... పది ఘట్టాలు

ఇక్కత్‌లో రంగు బట్టకు కాదు, నూలుకు పడుతుంది. నేయక ముందే దారంపై నమూనా సిద్ధమవుతుంది. ‘ఇక్కత్‌’ అన్న మాట కూడా ‘కట్టడం’ అన్న అర్థమున్న మలయ్‌-ఇండోనేషియా పదం నుంచి వచ్చినదే. ఈ ఒక్క సంగతి తెలియని కొనుగోలుదారులు ఎందరో. తెలియనివారికి తెలియజెప్పడమే మొదటి పోస్టు.

ఇక పనిని ముక్కలుగా విడదీయాలి. నూలు కొనడం, పట్టు అయితే జిగురు తీయడం, ఆసు పోయడం, నమూనా గీతలు గీయడం, చిటికి కట్టడం, అద్దకం, కట్లు విప్పి మరో రంగుకు మళ్లీ కట్టడం, కండెలు చుట్టడం, పడుగును మగ్గానికి ఎక్కించి అచ్చు అతకడం, చివరకు నేయడం... వరుసగా లెక్కిస్తే పదికి తక్కువ ఉండవు. ప్రతి ఘట్టాన్నీ మూడు కోణాల్లో చెప్పవచ్చు. ఒకటి, ఆ పని ఎలా జరుగుతుంది. రెండు, దానికి వాడే పరికరం ఏమిటి. మూడు, అందులో తప్పు జరిగితే ఏమవుతుంది. పది ఘట్టాలకు మూడేసి కోణాలంటే ముప్ఫై అంశాలు. వారానికి మూడు చొప్పున పెట్టినా పది వారాలకు సరిపడా సరుకు ఒక్క చీరలోనే దొరికినట్టు.

ఉదాహరణకు చిటికి కట్టడాన్నే తీసుకుందాం. రంగు అంటకూడని చోట దారాన్ని బిగించి కట్టడానికి పాత సైకిల్‌ ట్యూబులను సన్నని పట్టీలుగా కోసి వాడతారు. నేతన్నకు ఇది నిత్యం చూసే దృశ్యం కాబట్టి అందులో వింత కనిపించదు. వేల రూపాయల పట్టుచీర నమూనాను సైకిల్‌ ట్యూబు ముక్క కాపాడుతోందని తెలిస్తే కొనుగోలుదారు ఆగి చూస్తారు. అలవాటు పడిన కంటికి మామూలుగా తోచేదే కొత్త కంటికి విశేషం. ఆలోచన రాని రోజున ‘ఈ గదిలోకి తొలిసారి వచ్చినవారు దేనిని చూసి ప్రశ్న అడుగుతారు’ అని వేసుకుంటే చాలు, సమాధానం ఎదురుగానే ఉంటుంది.

తప్పుల గురించి చెప్పడానికి వెనుకాడనక్కర్లేదు. పడుగు దారాలు కాస్త జరిగితే నమూనా అంచు ఎలా చెదురుతుందో, దానిని సరిచేయడానికి ఎంత సమయం పడుతుందో చూపితే ధర ఎందుకు ఎక్కువో వేరుగా వివరించవలసిన పని ఉండదు. పడుగు, పేక రెండింటికీ చిటికి కట్టే డబుల్‌ ఇక్కత్‌లో ఈ కష్టం రెట్టింపవుతుంది. నిలువు దారంలోని రంగు, అడ్డదారంలోని రంగు ఒకే చోట కలిస్తేనే పువ్వు పువ్వుగా కనిపిస్తుంది. అర నిమిషం వీడియోలో ఆ కలయికను దగ్గరగా చూపితే చాలు. వంద మాటలు చేయలేని పని అది చేస్తుంది.

ప్రశ్నల పుస్తకం పెట్టాలి

ఆలోచనలకు రెండో గని కొనుగోలుదారుల ప్రశ్నలు. ఫోన్లోనూ, వాట్సప్‌లోనూ, దుకాణంలోనూ రోజూ అవే ప్రశ్నలు ఎదురవుతుంటాయి. రంగు పోతుందా? ఇంట్లో ఉతకవచ్చా? ఇది పట్టా, సీకో చీరా? వెనకవైపు కూడా ఇలాగే ఉంటుందా? అంచు ఎందుకు కాస్త అలుక్కుపోయినట్టుంది? జాకెట్టు ముక్క కలిసి వస్తుందా? జవాబు చెప్పి మరిచిపోవడం పరిపాటి. అలా కాకుండా మగ్గం పక్కనే ఒక చిన్న నోటు పుస్తకం ఉంచి, అడిగినవారి మాటల్లోనే ప్రశ్నను రాసిపెట్టుకోవాలి. ఒకరు పైకి అడిగారంటే అదే సందేహం అడగకుండా వెళ్లిపోయినవారు మరికొందరు ఉంటారని అర్థం.

ఒక ప్రశ్నకు ఒక పోస్టు. ఇదే నియమం. పది ప్రశ్నలకు ఒకేసారి జవాబు చెబితే ఎవరికీ గుర్తుండదు, పైగా పది రోజుల సరుకు ఒక్కరోజులో ఖర్చవుతుంది. ఒకే ప్రశ్న నెలలో అనేకసార్లు వస్తే దానికి వీడియో చేసి ఖాతాలో శాశ్వతంగా కనిపించేలా పైన ఉంచాలి. ఆ తరువాత ఎవరడిగినా ఆ వీడియోనే పంపవచ్చు. నేత ఆపి ఫోను ఎత్తవలసిన అవసరం తగ్గుతుంది. పోస్టు కోసం చేసిన శ్రమ మగ్గంపై సమయాన్ని మిగులుస్తుంది.

అసలుకు, నకిలీకి తేడా

కొనుగోలుదారుకు అన్నింటికన్నా ఎక్కువ మేలు చేసే అంశం ఇదే. అచ్చు వేసిన బట్టలో రంగు సాధారణంగా ఒకవైపు గాఢంగా, వెనకవైపు పలచగా ఉంటుంది. చేనేత ఇక్కత్‌లో దారానికే రంగు పడుతుంది కాబట్టి రెండు వైపులా నమూనా దాదాపు ఒకేలా కనిపిస్తుంది. అచ్చులో గీత కత్తితో కోసినట్టుంటుంది. ఇక్కత్‌లో అంచు కాస్త చెదిరి, మసకగా ఉంటుంది. అది లోపం కాదు, చేతిపని ఆనవాలు. బట్ట చివర ఒక దారం లాగి చూస్తే అదే దారంలో రంగు మారుతూ కనిపిస్తుంది.

ఈ మూడు పరీక్షలను మూడు వేర్వేరు పోస్టులుగా పెట్టవచ్చు. నాలుగోది గుర్తులకు సంబంధించినది. పోచంపల్లి ఇక్కత్‌ 2004-05లోనే భౌగోళిక గుర్తింపు పొందింది. దేశంలో ఈ గుర్తింపు దక్కిన తొలి ఉత్పత్తుల్లో ఇదొకటి. చేనేత వస్త్రాలకు హ్యాండ్లూమ్‌ మార్క్‌ పథకం 2006లో ప్రారంభమైంది. పట్టుకు సిల్క్‌ మార్క్‌ వేరుగా ఉంది. మూడు గుర్తులూ మూడు వేర్వేరు హామీలు. ఒకటి ప్రాంతాన్ని, ఒకటి చేనేతను, ఒకటి స్వచ్ఛమైన పట్టును తెలుపుతాయి. ఈ తేడా తెలియక ఒక గుర్తుంటే అన్నీ ఉన్నట్టే అనుకునే కొనుగోలుదారులకు వివరించడం అటు సేవ, ఇటు ప్రచారం.

అయితే ఫలానా దుకాణం నకిలీ అమ్ముతోందని పేరు పెట్టి రాయడం తగదు. తేడా ఎలా కనిపెట్టాలో చెబితే చాలు. తీర్పు చదువరులే చెప్పుకుంటారు.

తేదీలు ముందే తెలుసు

పండుగలు, ముహూర్తాలు ఆకస్మికంగా రావు. ఏడాది మొదట్లో పంచాంగం ముందేసుకుని కూర్చుంటే నెలకు కనీసం రెండు అంశాలు వాటంతట అవే దొరుకుతాయి. సంక్రాంతి, ఉగాది, శ్రావణంలో వరలక్ష్మీ వ్రతం, తొమ్మిది రోజుల బతుకమ్మ, పెళ్లి ముహూర్తాల మాసాలు... ప్రతి ఒక్కటీ ఒక సందర్భమే. ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు. ఆ నెలను తయారీ ఘట్టాలు చూపడానికి, శ్రావణానికి ముందస్తు ఆర్డర్లు తీసుకోవడానికి వాడుకోవచ్చు.

ఇక్కడొక జాగ్రత్త అవసరం. చిటికి కట్టడం మొదలు నేత పూర్తయ్యే వరకు వారాలు పడుతుంది. పండుగకు రెండు రోజుల ముందు పోస్టు పెడితే శుభాకాంక్షలకే పనికివస్తుంది, అమ్మకానికి కాదు. పండుగ తేదీ నుంచి వెనక్కి లెక్కించి, నేతకు, రవాణాకు పట్టే రోజులను తీసివేసి, ఆ రోజున తొలి పోస్టు పెట్టాలి.

ఏటా ఆగస్టు 7న జాతీయ చేనేత దినోత్సవం వస్తుంది. 1905లో ఇదే తేదీన కలకత్తాలో స్వదేశీ ఉద్యమం ప్రకటితమైనందుకు గుర్తుగా 2015 నుంచి దీనిని జరుపుతున్నారు. ఆ రోజు అందరూ ఒకేలాంటి శుభాకాంక్షల చిత్రమే పంచుతారు. దానికి బదులు సొంత మగ్గంపై ఆ రోజు ఎన్ని అంగుళాలు నేశారో చూపితే వందల పోస్టుల మధ్యనైనా గుర్తుండిపోతుంది.

వాతావరణమూ విషయమే. వానాకాలంలో అద్దిన నూలు త్వరగా ఆరదు. గుంట మగ్గాల్లోకి తేమ చేరి పని మందగిస్తుంది. ఆర్డరు ఎందుకు ఆలస్యమవుతోందో ఒక వీడియోలో చూపితే ఫిర్యాదు చేయబోయినవారు కూడా ఓపిక పడతారు.

ఊరికి ఉన్న చరిత్ర

కొత్త ఆలోచనలు రానప్పుడు పాత సంగతులను తిరగేయాలి. 1951 ఏప్రిల్‌ 18న ఆచార్య వినోబా భావే ఈ ఊరికి వచ్చినప్పుడు భూమిలేని దళితులు తమకు 80 ఎకరాలు కావాలని కోరగా, వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానని ముందుకు వచ్చారు. భూదానోద్యమం అక్కడ మొదలైంది. ఊరి పేరుకు ముందు ‘భూదాన్‌’ చేరింది. చీరపై ఉన్న పేరు వెనక ఇంత కథ ఉందని దూరప్రాంతాల కొనుగోలుదారులకు తెలియదు. ఏప్రిల్‌ 18న దానిని చెప్పడానికి మించిన సందర్భం లేదు. 2021లో ఐక్యరాజ్యసమితి ప్రపంచ పర్యాటక సంస్థ పోచంపల్లిని ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా గుర్తించింది. ఊరు చూడటానికి వచ్చేవారికి దారి చెప్పే పోస్టు కూడా అమ్మకానికి దారి తీస్తుంది.

పొరుగు ఊళ్ల కథలూ ఉన్నాయి. ఆలేరు ప్రాంతానికి చెందిన చింతకింది మల్లేశం ఆసు పోసే యంత్రాన్ని 1999లో రూపొందించారు. ఒక చీరకు ఆసు పోయాలంటే చేతిని వేల సార్లు అటూ ఇటూ కదపవలసి రావడం, ఆ పని చేసే తల్లి లక్ష్మి భుజం నొప్పితో బాధపడటం ఆయనను కదిలించాయి. యంత్రానికి తల్లి పేరే పెట్టారు. 2017లో పద్మశ్రీ అందుకున్నారు. పుట్టపాకలో నేసే తేలియా రుమాలుకు 2020లో భౌగోళిక గుర్తింపు దక్కింది. నూలును నూనెతోనూ, ఆముదపు కాయల బూడిదతోనూ శుద్ధి చేయడం దాని ప్రత్యేకత. గుజరాత్‌లోని పాటన్‌ పటోలా, ఒడిశాలోని సంబల్‌పురి కూడా కట్టి అద్దే పద్ధతిలోనివే. వాటికీ పోచంపల్లికీ పోలికలేమిటో, తేడాలేమిటో చెబితే చీరలపై ఆసక్తి ఉన్నవారు దాచుకుని మరీ చదువుతారు.

ఇంటి చరిత్రను మరువరాదు. తాత వాడిన రాట్నం, అమ్మ కట్టుకున్న పాత చీర, పాతికేళ్ల కిందటి నమూనా కాగితం... ఒక్కొక్కటీ ఒక్కో పోస్టు. ఇవి మరెవరి దగ్గరా ఉండవు కాబట్టి కాపీ కొట్టడం ఎవరి తరమూ కాదు.

ఒకే విషయం... అనేక రూపాలు

చెప్పిన విషయం మళ్లీ చెప్పకూడదన్న భయం చాలామందిని ఆపేస్తుంది. నిజానికి పెట్టిన ప్రతి పోస్టునూ అనుసరించేవారందరూ చూడరు. పైగా కొత్తవారు చేరుతూనే ఉంటారు. ఆరు నెలల కిందట ఆదరణ పొందిన అంశాన్ని రూపం మార్చి మళ్లీ చెప్పడంలో తప్పులేదు. అద్దకం గురించి వీడియో పెట్టి ఉంటే, ఈసారి కట్లు విప్పకముందు, విప్పిన తరువాత తీసిన రెండు ఫొటోలు పెట్టవచ్చు. అదే విషయాన్ని వాట్సప్‌ స్టేటస్‌లో ప్రశ్నగా అడగవచ్చు. ‘ఈ దారంలో ఎన్ని రంగులున్నాయి?’ అన్నంత చిన్న ప్రశ్న చాలు.

ఏది పనిచేసిందో తెలుసుకోవడానికి ఊహ అక్కర్లేదు. ఇన్‌స్టాగ్రామ్‌లో వృత్తిపరమైన ఖాతాగా మార్చుకుంటే ఒక్కో పోస్టును ఎందరు చూశారో, ఎందరు దాచుకున్నారో, ఎందరు ఇతరులకు పంపారో కనిపిస్తుంది. లైకుల కన్నా దాచుకున్నవారి, పంపినవారి సంఖ్యకు ఎక్కువ విలువ ఇవ్వాలి. దాచుకున్నారంటే మళ్లీ అవసరమని భావించారన్నమాట. నెలకోసారి ఆ జాబితాలో పైనున్న మూడింటిని చూసి, వాటి కొనసాగింపుగా మరో మూడు చేయాలి. ప్రజలు దేనిని వెతుకుతున్నారో తెలుసుకోవడానికి గూగుల్‌ ట్రెండ్స్‌ ఉచితంగా అందుబాటులో ఉంది. యూట్యూబ్‌ వెతికే పెట్టెలో ‘ఇక్కత్‌ చీర’ అని టైపు చేసి ఆగితే కింద వచ్చే సూచనలు కూడా జనం మనసులోని ప్రశ్నలే.

దాటకూడని గీతలు

విషయం దొరకలేదని ఇతరుల ఫొటోలను, వీడియోలను తీసుకుని సొంతవిగా పెట్టడం నమ్మకాన్ని దెబ్బతీస్తుంది. హక్కుల సమస్యలూ తలెత్తుతాయి. సినిమా పాటల విషయంలోనూ అంతే. వ్యాపార ఖాతాలకు అన్ని పాటలనూ వాడుకునే వీలుండదు. మగ్గం చప్పుడుకు మించిన నేపథ్య సంగీతం ఆ వీడియోకు అవసరం లేదు. చీర కట్టుకుని కొనుగోలుదారులు పంపిన ఫొటోలను వారి అనుమతి తీసుకున్నాకే పెట్టాలి. పనిచేసేవారిని చిత్రీకరించే ముందు కూడా అడగాలి.

అన్నింటికన్నా ముఖ్యమైనది కొత్త నమూనాల సంగతి. 2000 నాటి డిజైన్ల చట్టం ప్రకారం నమోదు చేయించుకోవాలంటే ఆ డిజైను అంతకు ముందు బహిర్గతమై ఉండకూడదు. ఉత్సాహంతో ముందే ఫొటో పెడితే ఆ హక్కు చేజారే ప్రమాదం ఉంది. నమోదు చేయించదలచిన డిజైనును దరఖాస్తు చేసే వరకు తెరపైకి తేకపోవడమే క్షేమం. ఆ లోగా నమూనా కనిపించకుండా చేతులను, దారాలను, రంగు గిన్నెలను చూపవచ్చు.

లేని గొప్పలూ చెప్పకూడదు. సహజ రంగులు వాడకపోతే వాడామని రాయరాదు. సీకో చీరను పట్టుచీర అనరాదు. ఒక్క అబద్ధం బయటపడితే వంద నిజాలపై అనుమానం వస్తుంది.

వారానికి ఒక గంట

రోజూ ఆలోచించడం వల్లే అలసట వస్తుంది. వారంలో ఒక రోజు గంట కేటాయించి ఆ వారానికి కావలసినవన్నీ ఒకేసారి సిద్ధం చేసుకోవడం మేలు. పని జరుగుతున్నప్పుడే చిన్నచిన్న వీడియోలు తీసి ఫోన్లో ఒక ఫోల్డరులో వేసుకుంటే ఆ గంటలో వెతుకులాట ఉండదు. వారానికి నాలుగు పోస్టుల పద్ధతి ఇలా ఉండవచ్చు.

* సోమవారం: తయారీలో ఒక ఘట్టం
* బుధవారం: పుస్తకంలోని ఒక ప్రశ్నకు సమాధానం
* శుక్రవారం: అమ్మకానికి ఉన్న ఒక చీర. ధర, కొలత, నూలు రకం, ఉతికే విధానంతో సహా
* ఆదివారం: ఊరు, ఇల్లు, పండుగ... ఏదో ఒక కథ

వారం రోజు తెలిస్తే అంశం సగం తెలిసినట్టే. ‘ఏం పెట్టాలి’ అన్న పెద్ద ప్రశ్న ‘ఈ వారం ఏ ఘట్టం’ అన్న చిన్న ప్రశ్నగా మారుతుంది. పని ఒత్తిడిలో నాలుగు కుదరకపోతే రెండు పెట్టినా చాలు. ఒక వారం పది పెట్టి రెండు నెలలు ఆగిపోవడం కన్నా వారానికి రెండు చొప్పున ఏడాది పొడవునా పెట్టడమే నమ్మకాన్ని పెంచుతుంది. ఇంట్లో చదువుకుంటున్న పిల్లలుంటే వీడియో తీసే పని వారికి, మాట చెప్పే పని పెద్దలకు అప్పగించవచ్చు. ఈ మాటల్లో పడి పిల్లలకు ఆసు, చిటికి, కండె అన్న పదాలైనా తెలుస్తాయి.

ఈ పద్ధతి ఒక్క చేనేతకే పరిమితం కాదు. కుమ్మరి సారె దగ్గర, పచ్చళ్ల జాడీల పక్కన, దర్జీ మిషను ముందు, నర్సరీ మొక్కల మధ్య కూడా ఇవే గనులున్నాయి. పనిలోని ఘట్టాలు, అడిగేవారి ప్రశ్నలు, ముందే తెలిసిన తేదీలు, ఊరి చరిత్ర... ఈ నాలుగింటినీ కాగితంపై పెట్టుకున్నవారికి స్ఫూర్తి కోసం ఎదురుచూడవలసిన అగత్యం ఉండదు. మగ్గం ఆడుతున్నంత కాలం చెప్పడానికి విషయం ఉంటూనే ఉంటుంది.